సియాటెల్ శివార్లకు లైట్ రైలు: పట్టాల కంటే ముందే తేలిపోయే లెక్క

2025 మే 10న అమెరికా వాయవ్య మూలన, సియాటెల్‌కు తూర్పు శివారైన రెడ్మండ్ పట్టణం నడిబొడ్డుకు లైట్ రైలు, అంటే నగర ప్రయాణాలకు వాడే తేలికపాటి విద్యుత్ రైలు, చేరింది. అంతకు ఏడాది ముందు, 2024 ఏప్రిల్ 27న, సౌత్ బెల్‌వ్యూ నుంచి మైక్రోసాఫ్ట్ ప్రాంగణం పక్కనున్న రెడ్మండ్ టెక్నాలజీ స్టేషన్ దాకా ‘2 లైన్’ మొదలైంది. ఇక ‘1 లైన్’ను 2024 ఆగస్టు 30న సియాటెల్‌కు ఉత్తరాన ఉన్న లిన్‌వుడ్‌కు, 2025 డిసెంబరు 6న దక్షిణాన ఉన్న ఫెడరల్ వే పట్టణానికి పొడిగించారు. రెండేళ్లు తిరగకముందే మూడు దిక్కుల శివార్లకు పట్టాలు చేరాయి.

మూడింటినీ కట్టింది ఒకే సంస్థ, సౌండ్ ట్రాన్సిట్. టికెట్ కూడా ఒకటే: ఎంత దూరం వెళ్లినా పెద్దలకు 3 డాలర్లు. అయినా ఈ మూడు పొడిగింపులూ జనజీవితాన్ని ఒకే తీరున మార్చలేవు. స్టేషన్ దిగిన మనిషికి పది నిమిషాల నడకలో ఏం కనిపిస్తుంది, ఆ స్టేషన్‌కు బస్సు ఎంత తరచుగా వస్తుంది అన్న రెండు విషయాలే శివారు రైలు భవిష్యత్తును తేలుస్తాయి. ఆ రెండూ తేలేది రైలు నడిచే రోజున కాదు, పది పదిహేనేళ్ల ముందు జరిగే సమావేశాల్లో. అప్పటికి ఆ ఊళ్లో ఉండబోయేవారిలో చాలామంది ఇంకా అక్కడికి చేరనే లేదు.

సియాటెల్ ప్రాంతం రైలు విషయంలో చాలా ఆలస్యంగా మేలుకుంది. 1968లో రైలు మార్గాల కోసం బాండ్ల ప్రతిపాదన ప్రజల ముందుకు వచ్చినప్పుడు సగానికి కాస్త పైగా ఓటర్లు ఔనన్నారు. కానీ గెలవడానికి 60 శాతం ఓట్లు కావాలి. 1970లో మళ్లీ అడిగితే ఆ సగం కూడా రాలేదు. దీని కోసం రావాల్సిన కేంద్ర నిధులు అట్లాంటాకు వెళ్లి అక్కడ మార్టా మెట్రో అయ్యాయి. మళ్లీ పాతికేళ్లు గడిచాక, 1996లో ప్రజలు తొలి ప్రణాళికకు ఒప్పుకున్నారు. పదేళ్లలో 21 మైళ్ల లైట్ రైలు కడతామని అప్పుడు చెప్పారు. ఖర్చు అంచనాలు తలకిందులై, 2001లో ఆ మార్గాన్ని దాదాపు 14 మైళ్లకు కుదించాల్సి వచ్చింది. మొదటి రైలు కదిలింది 2009 జులై 18న. ఆ చేదు అనుభవం ఇప్పటికీ ఆ ప్రాంత రాజకీయాల్లో వినిపిస్తూనే ఉంటుంది. సంస్థ కొత్త అంచనా ఏది ప్రకటించినా వెంటనే ఆ 1996 మాట గుర్తు చేసేవారు ఉంటారు.

అయినా 2008లో శివార్లకు పొడిగించే రెండో ప్రణాళికకు, 2016లో 5,380 కోట్ల డాలర్ల మూడో ప్రణాళికకు ఓటర్లు మద్దతు పలికారు. ఈ డబ్బులో పెద్ద భాగం స్థానిక పన్నులదే. కొనుగోళ్ల మీద 1.4 శాతం, వాహనం విలువ మీద ఏటా 1.1 శాతం, ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు పాతిక సెంట్ల దాకా సంస్థ వసూలు చేస్తుంది. వాహన పన్ను మీద కోపం ఎంతగా రాజుకుందంటే, దాన్ని 30 డాలర్లకు దించాలన్న ప్రతిపాదన 2019లో రాష్ట్రవ్యాప్త ఓటింగులో గెలిచింది. మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేయడంతో రైలు నిధులు దక్కాయి.

పన్నుల వెనుక బయటివారికి సులువుగా కనిపించని నిబంధన ఒకటి ఉంది. సౌండ్ ట్రాన్సిట్ పరిధిని ఐదు ఉపప్రాంతాలుగా విడదీశారు. ఏ ఉపప్రాంతంలో వసూలైన పన్ను ఆ ఉపప్రాంతానికే ఉపయోగపడాలి. శివారు పట్టణాల ఓట్లు లేకుండా ఏ ప్రణాళికా గెలవదు కాబట్టి, ‘మా డబ్బు సియాటెల్ మింగేస్తుంది’ అన్న భయాన్ని పోగొట్టడానికే ఈ ఏర్పాటు. రాజకీయంగా ఇది తెలివైన పనే. శివార్లకు రైలు వచ్చిందంటే చాలావరకు దీని పుణ్యమే. కానీ దీనివల్ల రైలు ఎక్కడికి వెళ్లాలన్న నిర్ణయంలో ప్రయాణికుల సంఖ్యతో పాటు పన్నుల ఖాతా కూడా కూర్చుంటుంది. ప్రతి ఉపప్రాంతానికీ తన వంతు పట్టాలు చూపించాలి. ఉత్తరాన ఎవరెట్ నుంచి దక్షిణాన టకోమా దాకా ఒకే వెన్నెముకలా మార్గం సాగాలన్న ఆలోచన వెనుక జనసాంద్రత కంటే ఈ వాటాల లెక్కే బలంగా పనిచేసింది.

ఇక తూర్పు శివార్ల సంగతి. సియాటెల్‌కు, బెల్‌వ్యూకు నడుమ వాషింగ్టన్ సరస్సు అడ్డం. వంతెన దగ్గర నీటి లోతు దాదాపు 200 అడుగులు, దాని కింద మళ్లీ మందపాటి బురద. మామూలు స్తంభాలు దింపడం అక్కడ అయ్యే పని కాదు. అందుకే బోలుగా ఉండే పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెలను నీటి మీద వరసగా కలిపి, ఉక్కు తాళ్లతో సరస్సు అడుగున లంగరు వేసి, వాటిమీద రోడ్డు పరిచారు. 1940లో అలా తెరిచిన మొదటి వంతెన 1990 నవంబరులో, మరమ్మతులు జరుగుతుండగా, తుపాను రోజుల్లో పెట్టెల్లోకి నీళ్లు చేరి మునిగిపోయింది. తర్వాత మళ్లీ కట్టారు. దాని పక్కనే 1989లో వచ్చిన రెండో తేలే వంతెన పేరు హోమర్ హాడ్లీ. ఈ వంతెనల మీదుగా సాగే ఐ-90 హైవే మధ్య వరసలను ప్రజా రవాణాకు కేటాయించాలని 1976లోనే స్థానిక ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఇప్పుడు పట్టాలు పరిచింది ఆ వరసల్లోనే. నీటి మీద తేలే వంతెనపై లైట్ రైలు నడపడం ప్రపంచంలో ఇదే మొదటిసారి.

ఆ పని ఎంత కష్టమో కాస్త దగ్గరగా చూడాలి. సరస్సు మట్టం కాలాన్ని బట్టి సుమారు రెండు అడుగులు పెరుగుతుంది, తగ్గుతుంది. నీటితో పాటే వంతెనా లేస్తుంది, దిగుతుంది. గాలికి పక్కలకు ఊగుతుంది, బరువుకు కాస్త ఒరుగుతుంది. నేలమీది భాగం మాత్రం కదలదు. కదిలే భాగం, కదలని భాగం కలిసే చోట కారు చక్రం చిన్న ఎత్తుపల్లాన్ని దాటేస్తుంది గానీ, పట్టాల మీది ఉక్కు చక్రానికి అది ప్రాణాంతకం. అందుకని ఆ అతుకుల దగ్గర ప్రత్యేకమైన ఉక్కు నిర్మాణాలు అమర్చారు. వంతెన ఎటు కదిలినా ఆ మలుపును కొంత దూరం మీద పంచి, పట్టాను నున్నటి వంపుగా ఉంచడం వాటి పని. వాటిని ముందుగా కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లో రైలు పరీక్షా కేంద్రంలో నడిపి చూశారు. పెట్టెలకు రంధ్రాలు చేస్తే నీళ్లు చేరే ప్రమాదం ఉంది కాబట్టి, తేలికపాటి కాంక్రీటు దిమ్మెలను వంతెన మీద జిగురుతో అంటించి పట్టాలు బిగించారు. రైలుకు అందే 1,500 వోల్టుల విద్యుత్తు పట్టాల గుండా తిరిగి వెళ్లేటప్పుడు దారి తప్పి వంతెనలోని ఉక్కు కడ్డీల్లోకి చేరితే అవి తుప్పు పడతాయి. దాన్ని ఆపడానికి మరో ఏర్పాటు.

ఇన్ని కొత్త చిక్కులను దాటిన ప్రాజెక్టు చివరికి చాలా మామూలు చోట బోల్తా పడింది. తేలే భాగానికి అటూ ఇటూ ఉన్న స్థిరమైన మార్గంలో పట్టాల కింద పోసిన కాంక్రీటు దిమ్మెల్లో 2022లో పగుళ్లు, ఖాళీలు బయటపడ్డాయి. పట్టాలను బిగించే బోల్టులు దిగే నైలాన్ గొట్టాలు కూడా నిలవలేదు. 5,000కు పైగా దిమ్మెలను పగలగొట్టి మళ్లీ పోశారు. ప్రపంచంలో ఎవరూ చేయని భాగం మీద అందరి కళ్లూ ఉన్నప్పుడు, వందల చోట్ల చేసి చేయి తిరిగిన పని మీద నిఘా సడలింది. పెద్ద ప్రాజెక్టులను పర్యవేక్షించేవారు గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన సంగతి ఇది. వంతెన మీదుగా రైలు తన సొంత విద్యుత్తుతో తొలిసారి పరీక్షగా కదిలింది 2025 సెప్టెంబరులో. 2023లో తెరవాలనుకున్న ఈ భాగానికి చివరకు 2026 మార్చి 28 తేదీ ఖరారైంది.

ఈ ఆలస్యం తూర్పు శివార్లతోనే ఆగలేదు. వంతెన అందుబాటులోకి రాకముందే తూర్పున పట్టాలు, స్టేషన్లు సిద్ధమై ఊరకే పడి ఉన్నాయి. కనీసం ఆ భాగమైనా నడపాలని బెల్‌వ్యూ మాజీ మేయర్, సౌండ్ ట్రాన్సిట్ బోర్డు సభ్యురాలు క్లాడియా బాల్డూచి పట్టుబట్టారు. 2024లో తెరిచిన ఎనిమిది స్టేషన్ల ముక్క అలా వచ్చిందే. సియాటెల్‌ను తాకకుండా శివారు నుంచి శివారుకు నడిచిన రైలు అది. మరోవైపు, కొత్త బోగీల డిపో బెల్‌వ్యూలో ఉంది. వంతెన తెరుచుకోకముందు అక్కడి బోగీలు సియాటెల్ వైపు రాలేకపోయాయి. లిన్‌వుడ్ పొడిగింపును రెండు లైన్ల రైళ్లు కలిసి మోస్తాయన్న అంచనాతో రూపొందించారు. తీరా తెరిచేనాటికి సియాటెల్ డిపోలో నిలిపే చోటున్న బోగీలే దిక్కయ్యాయి. సరస్సుకు అటూ ఇటూ పగిలిన దిమ్మెలకు, ఎక్కడో మైళ్ల అవతల లిన్‌వుడ్ నుంచి వచ్చేవారు రద్దీలో నిలబడి మూల్యం చెల్లించారు. రైలు మార్గాన్ని ముక్కలుగా ప్రారంభించుకుంటూ పోవచ్చు గానీ, దాని బలం మాత్రం ముక్కల్లో ఉండదు.

బెల్‌వ్యూలో స్టేషన్ల చోటు కోసం జరిగిన పోరు శివారు రాజకీయాలకు నిలువుటద్దం. నగర మండలి ఏళ్ల తరబడి రెండుగా చీలింది. మార్గం ఇళ్ల పక్క నుంచి రావాలా, పాత సరకు రైలు దారి వెంట హైవే పక్కగా వెళ్లాలా అన్నది ఒక తగవు. బెల్‌వ్యూ స్క్వేర్ మాల్ యజమాని కెంపర్ ఫ్రీమన్ అసలు హైవే వంతెనను రైలుకు ఇవ్వడమే చెల్లదని కోర్టుకెక్కారు. 2011లో ఒకసారి, 2013లో మరోసారి రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చివరకు పట్టణ కేంద్రంలో రైలు సొరంగంలో వెళ్లాలని, అదనపు ఖర్చులో నగరం వంతు భరించాలని రాజీ కుదిరింది. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి భూగర్భంలో ఉండాల్సిన స్టేషన్‌ను సొరంగం బయట, నగర కార్యాలయం పక్కకు జరిపారు.

ఆ స్టేషన్‌లో దిగితే ఎదురుగా బస్ స్టేషన్, చుట్టూ ఆకాశాన్నంటే కార్యాలయ భవనాలు కనిపిస్తాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ దుకాణాలు, హోటళ్లు, జనం ఎక్కువగా తిరిగే పడమటి వైపుకు చేరాలంటే అర మైలుకు దగ్గరగా నడవాలి. వాన కురిసే నవంబరు సాయంత్రం, చేతిలో సంచులతో, అది చిన్న దూరం కాదు. భూగర్భ స్టేషన్ కట్టి ఉంటే ఆ ఖర్చును ఒక్కసారి భరించేవారు. ఇప్పుడు ఆ నడకను ప్రతి ప్రయాణికుడూ, ప్రతి రోజూ, ఆ స్టేషన్ ఉన్నంత కాలం భరిస్తాడు. బడ్జెట్ పత్రాల్లో మొదటి ఖర్చుకు గడి ఉంటుంది, రెండోదానికి ఉండదు. శివారు మార్గాల్లో పొదుపు పేరుతో తీసుకునే నిర్ణయాల్లో చాలావాటిది ఇదే కథ.

దీనికి పూర్తి భిన్నంగా సాగింది రెండు స్టేషన్ల అవతల స్ప్రింగ్ డిస్ట్రిక్ట్‌లో. ఒకప్పుడు అక్కడున్నవి గోదాములు, ఒక సూపర్ మార్కెట్ సంస్థ సరకు పంపిణీ కేంద్రం. రైలు రావడానికి పదిహేనేళ్ల ముందే, 2009లో, బెల్‌వ్యూ నగరం ఆ ప్రాంతమంతటికీ కొత్త భూ వినియోగ ప్రణాళిక ఆమోదించింది. స్టేషన్ల చుట్టూ ఎత్తైన భవనాలకు అనుమతి ఇచ్చి, చిన్న చిన్న వీధులు గీసింది. రైలు మొదటిసారి ఆగేనాటికి అపార్టుమెంట్లు, కార్యాలయాలు అప్పటికే లేచి ఉన్నాయి. జనం వచ్చాక రైలు వేయాలా, రైలు వేశాక జనం వస్తారా అన్న పాత వాదనకు ఇక్కడ దొరికిన జవాబు సూటిగా ఉంది: రెండింటినీ ఒకే కాగితం మీద గీయాలి. రెడ్మండ్ పట్టణ కేంద్రంలోనూ అదే జరిగింది. పాత రైలు దారిని నడకబాటగా మార్చుకుని, చుట్టూ ఇళ్లు కట్టుకున్న ఆ కేంద్రం మధ్యకే రైలు వచ్చి ఆగింది. స్టేషన్ మెట్లు దిగితే ఊరే.

ఉత్తరాన పరిస్థితి వేరు. లిన్‌వుడ్‌కు వెళ్లడానికి రెండు దారులు పరిశీలించారు. ఒకటి అరోరా అవెన్యూ: దుకాణాలు, అపార్టుమెంట్లు, రోజంతా నిండుగా తిరిగే బస్సులు ఉన్న పాత రహదారి. రెండోది ఐ-5 హైవే అంచు. హైవే అంచున స్థలం చాలావరకు ప్రభుత్వానిదే. కూల్చాల్సిన దుకాణాలు తక్కువ, వేగం ఎక్కువ, గొడవలు తక్కువ. అలా ఐ-5 గెలిచింది. దక్షిణాన ఫెడరల్ వే పొడిగింపులోనూ జనం ఉన్న పాత రహదారిని వదిలి మళ్లీ హైవే వైపే మొగ్గారు.

కాగితం మీద ఈ వాదనలన్నీ సబబుగానే కనిపిస్తాయి. కానీ స్టేషన్ చుట్టూ అర మైలు వ్యాసార్థంతో ఒక వృత్తం గీస్తే అసలు నష్టం తెలుస్తుంది. ఆ వృత్తంలో పెద్ద చెక్కను హైవే, దాని ర్యాంపులు మింగేస్తాయి. అక్కడ ఇల్లు కట్టలేరు, దుకాణం పెట్టలేరు, ప్రశాంతంగా నడవనూ లేరు. అవతలి వైపు ఉన్నవారు వంతెన ఎక్కడుందో వెతుక్కుని చుట్టూ తిరిగి రావాలి. లిన్‌వుడ్ దారిలో ఉన్న షోర్‌లైన్ నగరం ఈ లోపాన్ని గుర్తించి తన వంతు ధైర్యం చూపించింది. రైలు రాకకు ఎనిమిది తొమ్మిదేళ్ల ముందే, 2015, 2016లో, తన రెండు స్టేషన్ల చుట్టూ ఒంటి ఇళ్ల వీధుల్లో బహుళ అంతస్తులకు అనుమతించింది. స్థానికుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఒక స్టేషన్ దగ్గర హైవే మీదుగా కాలినడక వంతెననూ చేపట్టింది. చిన్న నగరం తీసుకున్న ఈ నిర్ణయానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

హైవే పక్క స్టేషన్‌కు జనాన్ని రప్పించడానికి చాలాచోట్ల చేసేది పెద్ద పార్కింగ్ భవనం కట్టడం. లిన్‌వుడ్‌లో దాదాపు 1,900, సౌత్ బెల్‌వ్యూలో 1,500 కార్లకు చోటు కల్పించారు. ఇవి పెద్ద సంఖ్యల్లా కనిపిస్తాయి. రైలుతో పోల్చి చూడాలి. ఒక్కో బోగీలో 74 సీట్లు, నిలబడేవారితో కలిపి 200 మందికి దగ్గరగా పడతారు. నాలుగు బోగీల రైలు దాదాపు 800 మందిని మోస్తుంది. కారుకు ఒక్కరు చొప్పున వస్తే 1,500 కార్ల భవనం రెండు రైళ్లను నింపుతుంది. ఎనిమిది నిమిషాలకో రైలు నడిచే వేళల్లో అది పావుగంట పని. ఆ తర్వాత భవనం నిండిపోయి సాయంత్రం దాకా కదలదు. రోజులో మిగతా రైళ్లన్నీ నడిచి వచ్చేవారితో, బస్సు దిగి వచ్చేవారితోనే నిండాలి. పార్కింగ్ పూర్తిగా వద్దనలేం, దూరపు శివారు నుంచి వచ్చేవారికి మొదట్లో అదే దారి. అయితే స్టేషన్ పక్కనున్న అత్యంత విలువైన నేలను కార్లు నిలపడానికి ఇచ్చేశాక, ఆ చోట ఇళ్లు మరో తరం దాకా రావు.

అందుకే బస్సుల అమరిక పార్కింగ్ కంటే చాలా ముఖ్యం. లిన్‌వుడ్ రైలు మొదలవగానే స్నోహోమిష్ కౌంటీలోని కమ్యూనిటీ ట్రాన్సిట్ సంస్థ హైవే మీదుగా సియాటెల్ దాకా వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సులను ఆపేసి, ఆ బస్సులను, డ్రైవర్లను స్థానిక మార్గాలకు మళ్లించింది. స్విఫ్ట్ ఆరెంజ్ అనే వేగవంతమైన బస్సు మార్గాన్ని 2024 మార్చిలోనే స్టేషన్‌కు కలిపి సిద్ధంగా ఉంచింది. ఇంటి దగ్గర ఎక్కి ఆఫీసు దగ్గర దిగే అలవాటున్నవారికి మధ్యలో మారాల్సి రావడం కష్టంగానే అనిపించింది, అందులో న్యాయం కూడా ఉంది. కానీ ఉదయం, సాయంత్రం మాత్రమే తిరిగే ఎక్స్‌ప్రెస్ బస్సు ఆసుపత్రి ఉద్యోగినికి, కాలేజీ విద్యార్థికి, మధ్యాహ్నం షిఫ్టు కార్మికుడికి ఎప్పుడూ ఉపయోగపడలేదు. బస్సు తరచుగా రావడం మీదే ఈ మార్పిడి నిలబడుతుంది. పది నిమిషాలకో బస్సు ఉంటే మారడం చిన్న విషయం. అరగంటకో బస్సు అయితే రైలు ఎంత వేగంగా వచ్చినా ఆ వేగమంతా బస్టాపులో కరిగిపోతుంది.

దక్షిణాన మరో పరిమితి బయటపడుతుంది. ఈ రైలు గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు. సియాటెల్ ఆగ్నేయంలోని రైనియర్ వ్యాలీలో పట్టాలు రోడ్డు మధ్యలోనే, సిగ్నళ్లను దాటుకుంటూ సాగుతాయి. తొలి మార్గంలో డబ్బు ఆదా చేయడానికి చేసిన ఏర్పాటు అది. అక్కడ ఏ కారైనా పట్టాలకు అడ్డం వస్తే ఫెడరల్ వే నుంచి లిన్‌వుడ్ దాకా 41 మైళ్ల మార్గమంతా చిక్కుకుంటుంది. ఫెడరల్ వే నుంచి సియాటెల్ నడిబొడ్డుకు రైలులో గంటకు కాస్త తక్కువ పడుతుంది. రోడ్డు ఖాళీగా ఉన్న వేళల్లో ఎక్స్‌ప్రెస్ బస్సు అంతకంటే ముందే చేరుస్తుంది. రద్దీ వేళల్లో మాత్రం హైవే ఎప్పుడు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి రైలుకు నమ్మకం అనే బలం ఉంది. పైగా ఆ మార్గంలో విమానాశ్రయం ఉంది, కాలేజీ ఉంది. అందరూ సియాటెల్‌కే వెళ్లరు. అలాగని ఇదే రైలును టకోమా దాకా, ఎవరెట్ దాకా పొడిగిస్తూ పోతే, మైలుకో రెండు మైళ్లకో ఆగే బండితో దూరప్రయాణపు రైలు పని చేయించినట్టవుతుంది. నగరానికి దగ్గరి శివార్లకు లైట్ రైలు చక్కగా సరిపోతుంది. దూరం పెరిగే కొద్దీ ప్రతి అదనపు మైలుకూ దక్కే ప్రయోజనం తగ్గుతూ వస్తుంది, ఖర్చు మాత్రం తగ్గదు. 2025లో సౌండ్ ట్రాన్సిట్ తన దీర్ఘకాలిక ప్రణాళికలో 2,000 కోట్ల డాలర్లకు పైగా లోటు ఉందని ప్రకటించాక, ఈ ప్రశ్నను ఇక పక్కన పెట్టడం కుదరదు.

తూర్పు శివార్ల సంగతి తెలుగువారికి దగ్గరిది. రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బోథెల్, ఇస్సక్వా పట్టణాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగానికి వెళ్లేవారికి ఇంట్లో కారు ఉంటుంది. ఇంట్లో మిగిలేవారి పరిస్థితే వేరు. ఆరు నెలలు ఉండి వెళ్దామని హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన అమ్మానాన్నలు అక్కడ కారు నడపరు. కూరగాయల బజారుకు వెళ్లాలన్నా, గుడికి వెళ్లాలన్నా, ఊరికే బయట తిరిగి రావాలన్నా కొడుకో కోడలో, కూతురో అల్లుడో ఖాళీ అయ్యేదాకా ఆగాలి. సొంత ఊళ్లో ఆటో ఎక్కి నాలుగు పనులు చక్కబెట్టుకొచ్చిన మనుషులు ఇక్కడ కిటికీ పక్కన కూర్చుని శనివారం కోసం ఎదురుచూస్తారు. భర్త ఉద్యోగం మీద వచ్చి, రెండో కారు కొనని ఇంట్లో ఉండే భార్యలదీ కొంతవరకు ఇదే బాధ.

వీళ్లకు రైలు అంటే ప్రయాణంలో మిగిలే నిమిషాల లెక్క కంటే చాలా పెద్ద విషయం. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే చోట ఇల్లుంటే 65 దాటిన తండ్రి రాయితీ కార్డుతో ఒక డాలరు ఇచ్చి, 18 ఏళ్ల లోపు మనవడు టికెట్టే లేకుండా, ఎవరినీ అడగకుండా బెల్‌వ్యూ గ్రంథాలయానికో, మేరీమూర్ పార్కులో క్రికెట్ చూడటానికో వెళ్లి రావచ్చు. ఆ పార్కు పేరుతోనే మేరీమూర్ విలేజ్ స్టేషన్ ఉంది. ప్రయాణికుల సంఖ్యలో ఇలాంటి రాకపోకలకు పెద్ద స్థానం ఉండదు. పనిదినాల రద్దీనే అందరూ కొలుస్తారు. కానీ శివారు జీవితంలోని ఒంటరితనాన్ని తగ్గించేవి ఈ మధ్యాహ్నపు ప్రయాణాలే. వాటిని లెక్కలోకి తీసుకోని అంచనా అసంపూర్ణం.

అయితే ఈ సౌకర్యం అందేది స్టేషన్ దగ్గర ఉన్నవారికే. పిల్లల బడుల కోసం చాలామంది ఎంచుకున్న సమామిష్ గుట్ట మీదికి ఏ ప్రణాళికలోనూ రైలు లేదు. హిందూ దేవాలయం ఉన్న బోథెల్‌కు రాబోయేది వేగవంతమైన బస్సు. పైగా అక్కడి కాలనీల్లో వీధులు చివర మూసుకుపోయి ఉంటాయి. మ్యాపులో బస్టాపు పక్కనే కనిపించినా కంచెల చుట్టూ తిరిగి చాలా దూరం నడవాల్సి వస్తుంది. రెండు కాలనీల మధ్య మనిషి నడిచే సందు ఒకటి తెరిపించడం, కాలిబాట లేని చోట వేయించడం, గంటకో అరగంటకో వచ్చే బస్సును పావుగంటకు తేవడం వంటి పనులకు వందల కోట్లు అక్కర్లేదు. ఇవి నగర మండలి, బస్సు సంస్థ తేల్చే విషయాలు. అక్కడ ఓటు హక్కు లేనివారికీ బహిరంగ సమావేశాల్లో మాట్లాడే వీలుంది.

తూర్పున తర్వాత రావాల్సింది సౌత్ కిర్క్‌ల్యాండ్ నుంచి బెల్‌వ్యూ మీదుగా ఇస్సక్వాకు వెళ్లే మార్గం. అది 2040ల మాట. కిర్క్‌ల్యాండ్ నడిబొడ్డు గుండా వెళ్లే పాత రైలు దారిని నగరం కొని నడకబాటగా మార్చింది. 2016 ప్రణాళిక రాసే సమయంలో ఆ బాట మీద రైలు వద్దని కొందరు స్థానికులు గట్టిగా నిలబడ్డారు, నగరం బస్సు మార్గమే కావాలంది, సంస్థతో బేరం కుదరలేదు. ఫలితంగా రైలు ఊరి మధ్యకు రాకుండా దక్షిణపు పొలిమేరలో, బెల్‌వ్యూను ఆనుకుని ఉన్న కార్ల పార్కింగ్ దగ్గరే ఆగుతుంది. పాతికేళ్ల తర్వాత కదిలే రైలుకు స్టేషన్ చోటు అలా 2016లోనే ఖాయమైంది. అదే మార్గం రెండో చివరన ఇస్సక్వాలో స్టేషన్ హైవే అంచున ఉండాలా, ఇళ్లు, దుకాణాలు ఉన్న వైపుకు జరగాలా అన్నది మాత్రం ఇంకా ఖరారు కాలేదు.